అంగుళం వెండిలో ఒక నగరం

"మనసు పెట్టి చదువు", "కాస్త శ్రద్ధగా చూడు" అనే మాటలు వినకుండా పెరిగినవాళ్లు మనలో ఎవరూ ఉండరు. ఇంట్లో అమ్మ అంది, బళ్లో మాస్టారు అన్నారు, ఇప్పుడు మనం మన పిల్లలతో అంటున్నాం. మనసు ఎలా పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పళ్లు బిగించి, కళ్లు విప్పార్చి కూర్చుంటే ఏకాగ్రత అదే వస్తుందనుకుంటాం. ఐదు నిమిషాలు గడిచేసరికి చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. నాలో పట్టుదల లేదు, నా బుద్ధే ఇంత అని మనల్ని మనం తిట్టుకుంటాం.

ఇందులో పట్టుదల తప్పేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఏం వెతకాలో తెలియకుండా చూస్తున్నాం, అదీ అసలు ఇబ్బంది. ఒక ప్రశ్న వెంట ఉంటే కన్ను ఎవరూ చెప్పకుండానే నిలుస్తుంది. ఆ ప్రశ్న అడిగే అలవాటును చేత్తో పట్టుకుని నేర్పగలిగిన వస్తువులు లోకంలో చాలా ఉన్నాయి. వాటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ప్రాచీన గ్రీకు వెండి నాణెం. అంగుళం అటూ ఇటూ వెడల్పు. దాని మీద ప్రతి గీతకూ ముందు ఒక మనిషి చేతిలో ఉలి కదిలింది. ఒక్కో నగరం తన గురించి లోకానికి చెప్పుకోదలిచినదంతా ఆ కాస్త చోటులో సర్దింది. చూసేవాడు కాస్త ఓపిక పడితే ఇచ్చేది ఎంతో ఉంది.

దీనికోసం నాణెం కొనక్కర్లేదు, కొనమని చెప్పను కూడా. గ్రీకు నాణేలకు నకిలీలు విపరీతం, కొత్తవాళ్లు మోసపోవడం ఖాయం. బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ తమ దగ్గరున్న నాణేల ఫొటోలను ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో పెట్టాయి. లండన్‌లోనో బోస్టన్‌లోనో ఉన్న మనవాళ్లయితే ఒక ఆదివారం పూట మ్యూజియానికి వెళ్లి అసలు నాణేన్నే చూడొచ్చు. బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రాచీన నాణేలకు ప్రత్యేకంగా ఒక గదే ఉంది.

ఏథెన్స్ గుడ్లగూబతో మొదలుపెడదాం.

క్రీ.పూ. 5వ శతాబ్దంలో మధ్యధరా సముద్రం చుట్టుపక్కల చాలామంది నమ్మి తీసుకున్న డబ్బు ఇది. పేరు టెట్రాడ్రాక్మా, అంటే నాలుగు ద్రాక్మాల నాణెం. బరువు సుమారు 17.2 గ్రాములు, మన పాత తులాల లెక్కలో దాదాపు ఒకటిన్నర తులం వెండి. ఆ శతాబ్దం చివర్లో ఏథెన్స్‌లో గుడి కట్టే పనివాడికి రోజుకు ఒక ద్రాక్మా కూలి ఇచ్చినట్టు రాతి మీద చెక్కిన లెక్కలు దొరికాయి. ఆ లెక్కన ఈ ఒక్క బిళ్ల నాలుగు రోజుల కష్టం.

ఫొటో ముందు పెట్టుకుని, కింద రాసిన వివరం చదవకుండా చూడండి. బొమ్మ వైపు అథీనా దేవి తల, కుడివైపుకి తిరిగి ఉంటుంది. తలకు శిరస్త్రాణం. దాని అంచు మీద నిలువుగా మూడు ఆలివ్ ఆకులు. చెవికి గుండ్రటి కమ్మ. ఇప్పుడు కంటి దగ్గర ఆగండి. ముఖం పక్కకి తిరిగి ఉంది, కన్ను మాత్రం ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు నిండు బాదంకాయలా ఉంది. పక్క నుంచి చూస్తే మనిషి కన్ను అలా కనిపించదు. చెక్కినవాడికి చేతకాలేదా?

చేతకాకపోవడమేమిటి! క్రీ.పూ. 447లో మొదలైన పార్థినాన్ ఆలయానికి అదే నగరంలోని శిల్పులు గుర్రాల ముక్కుపుటాలు, బట్టల మడతలు కూడా ప్రాణం ఉన్నట్టు చెక్కారు. అదే కాలంలో నాణెం మీద దేవత మాత్రం పాతకాలపు కంటితో, పాతకాలపు చిరునవ్వుతో అలాగే ఉండిపోయింది. కన్ను పక్క చూపుకు మారింది తరువాతి శతాబ్దంలోనే. కారణం బజారు. ఈజిప్టులోనో సిరియా తీరంలోనో ధాన్యం అమ్మేవాడికి గ్రీకు చదవడం రాకపోవచ్చు, ఆ ముఖాన్ని మాత్రం గుర్తుపడతాడు. ముఖం మారితే అనుమానం పుడుతుంది. శిల్పం ఎంత ముందుకు పోయినా డబ్బు మీది ముఖాన్ని ఏథెన్స్ కదపలేదు. "ఇది ఎందుకిలా ఉంది?" అని ఒక్క కన్ను గురించి అడిగితే ఒక నగరపు వ్యాపారనీతి మొత్తం బయటికి వచ్చింది. నేను చెప్పదలుచుకున్న సాధన ఇదే.

బొరుసు తిప్పండి. మనకు గుడ్లగూబ అపశకునం. ఏథెన్స్‌లో అది వివేకానికి దేవత అయిన అథీనా పక్షి. ఒళ్లు కుడివైపుకి, తల మాత్రం మనవైపుకి. రెండు గుండ్రటి కళ్లూ మనల్నే చూస్తుంటాయి. ఎడమవైపు పైమూల ఆలివ్ రెమ్మ, దానికి రెండాకులు, ఒక కాయ. రెమ్మకూ పక్షి మెడకూ మధ్య సన్నటి నెలవంక. మొదటిసారి చూసినవాళ్లలో చాలామంది ఈ నెలవంకను దాటేసిపోతారు. కుడివైపు మూడు గ్రీకు అక్షరాలు, ఏథెన్స్ వాళ్లది అని చెప్పడానికి. నెలవంక, శిరస్త్రాణం మీది ఆకులు తొలినాటి గుడ్లగూబ నాణేల మీద లేవు. పర్షియన్లతో యుద్ధాల కాలంలో వచ్చి చేరాయి. ఆకులు పర్షియన్ల మీద విజయానికి గుర్తని చాలామంది పండితుల అభిప్రాయం.

ఆ విజయానికీ ఈ వెండికీ సంబంధం కూడా ఉంది. క్రీ.పూ. 483లో ఏథెన్స్‌కు దక్షిణాన ఉన్న లారియన్ గనుల్లో వెండి బాగా పడింది. తలా కొంత పంచుకుందామన్నారు జనం. థెమిస్టొక్లీస్ అనే నాయకుడు వద్దని ఒప్పించి ఆ సొమ్ముతో యుద్ధనౌకలు కట్టించాడు. గ్రీకు చరిత్రకారుడు హెరోడొటస్ లెక్కలో అవి 200. మూడేళ్లకు, క్రీ.పూ. 480లో, సలామిస్ జలసంధిలో పర్షియా నౌకాదళం ఓడింది. నేటి గ్రీసు 1 యూరో నాణెం మీద ఉన్నది కూడా ఈ గుడ్లగూబ నాణెం బొమ్మే.

ఇంకొక్క ప్రశ్న అడిగి ముందుకు వెళ్దాం. ఫొటోలో ఏం తెగిపోయింది? చాలా నాణేల్లో శిరస్త్రాణం పైని ఈకల కుచ్చు సగమే ఉంటుంది, లేదా అసలుండదు. నాణెం ఎలా పుట్టేదో తెలిస్తే కారణం అర్థమవుతుంది. బొమ్మ వైపు అచ్చును దాగలిలో బిగించేవారు. దాని మీద తూకం చూసి పోసిన వెండి బిళ్లను వేడిచేసి పెట్టేవారు. బొరుసు అచ్చు ఒక ఇనుప మేకులాంటి కడ్డీ చివర ఉండేది. దాన్ని బిళ్ల మీద ఆనించి సుత్తితో కొట్టేవారు. బిళ్ల కొద్దిగా జరిగినా, అచ్చు కంటే చిన్నదైనా బొమ్మలో ఓ పక్క అంచు దాటి పోతుంది. సుత్తి దెబ్బ నేరుగా తగిలే బొరుసు అచ్చు త్వరగా అరిగి పగిలేది. అందుకే ఒకే బొమ్మ అచ్చుతో వేర్వేరు బొరుసు అచ్చులు జత కట్టిన నాణేలు దొరుకుతాయి. ఆ జతలను పోల్చి చూసే ఏ నాణెం ముందుదో ఏది వెనకదో పరిశోధకులు తేలుస్తారు. వాళ్లకున్న పెద్ద పనిముట్టు ఓపికగా చూసే కన్నే.

చూడడమే ఉద్యోగంగా బతికిన మనిషి ఒకడు ఆ కాలంలోనే ఉన్నాడు. ఏకాగ్రత గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అతడే.

1970లో ఏథెన్స్ పాత అంగడి స్థలమైన అగోరాలో అమెరికన్ పురావస్తు బృందానికి ఒక శాసనం దొరికింది. క్రీ.పూ. 375-374 నాటి చట్టం అది. నికొఫోన్ అనే పౌరుడు ప్రతిపాదించినది. అంగడిలో డబ్బు మార్చే వ్యాపారుల బల్లల మధ్య ఒక పరీక్షకుడు కూర్చోవాలి. అతణ్ని డొకిమాస్టెస్ అనేవారు. అతడు ప్రభుత్వానికి చెందిన బానిస. ఎవరు తెచ్చిన వెండి నాణేన్నైనా చూసి తేల్చాలి. లోపల రాగో సీసమో ఉండి పైన వెండి పూత ఉందనుకోండి, అక్కడికక్కడే దాన్ని అడ్డంగా నరకాలి. ఏథెన్స్ ముద్రతోనే బయటివాళ్లు కొట్టినదై, వెండి మంచిదైతే తెచ్చినవాడికి తిరిగి ఇచ్చేయాలి. పరీక్షకుడు సరేనన్న నాణేన్ని తీసుకోనన్న వ్యాపారి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకు మొత్తం జప్తు. పరీక్షకుడే కూర్చోకపోయినా, చట్టప్రకారం పరీక్షించకపోయినా అతడికి 50 కొరడా దెబ్బలు. ఓడ వ్యాపారుల కోసం పైరియస్ రేవులో కూడా ఇలాంటి మనిషిని పెట్టమంది ఆ చట్టం.

మన ఊళ్లలో గీటురాయి మీద నగను ఒక్కసారి గీసి, ఆ గీత రంగు చూసి మాట చెప్పే పెద్ద కంసాలిని తలచుకోండి. అలాంటి చూపు అతడిది. రోజూ చూశాడు కాబట్టి వచ్చిన చూపు. ఒక బానిస చెప్పిన మాట మీద స్వతంత్రులైన పౌరుల సరుకు నిలిచేది, పోయేది. నికరంగా చూడగలిగినవాడి మాటకు సమాజం అంత విలువ ఇచ్చింది. అదే చట్టం అతడి వీపును కొరడాకు అప్పగించిందన్న సంగతినీ మరవకూడదు. ఆ మనిషి పేరు ఏ రాతి మీదా మిగల్లేదు.

మ్యూజియం ఫొటోల్లో కొన్ని గుడ్లగూబల తల మీద లోతైన ఉలి గాటు కనిపిస్తుంది. అందం పాడైందని చాలామంది ఆ నాణేన్ని వదిలి పక్కదానికి పోతారు. నేనైతే అలాంటిదాని ముందే ఎక్కువసేపు ఆగుతాను. ఎక్కడో తూర్పు దేశపు వర్తకుడు లోపల కూడా వెండేనా అని పెట్టిన పరీక్ష అది. గాటులో రాగి ఎరుపు లేదంటే నాణెం నెగ్గినట్టే.

ఇప్పుడు పోల్చి చూడడం. ఒక్క వస్తువును చూస్తే కొంత తెలుస్తుంది, దాదాపు ఒకేలా ఉన్న రెండింటిని పక్కపక్కన పెడితే కన్ను పదునెక్కుతుంది. ఏథెన్స్‌కు ఎదురుగా సముద్రంలో ఈజినా అనే దీవి ఉంది. గ్రీసు ప్రధాన భూభాగం వైపున మొట్టమొదట నాణేలు కొట్టిన చోట్లలో అదొకటి. దాని వెండి బిళ్ల సుమారు 12.2 గ్రాములు, బొమ్మ తాబేలు. పాతవాటినీ కొత్తవాటినీ పక్కన పెట్టి చూడండి. పాతదాని వీపు నున్నగా ఉండి మధ్యలో చుక్కల వరస ఉంటుంది, కాళ్లు తెడ్లలా ఉంటాయి. అది సముద్రపు తాబేలు. కొత్తదాని వీపు పలకలు పలకలుగా ఉంటుంది, కాళ్లు నేల మీద నడిచేవి. క్రీ.పూ. 5వ శతాబ్దం మధ్యలో ఈజినా ఏథెన్స్‌కు లొంగిపోయింది, సముద్రం మీద పట్టు పోయింది. తాబేలు గట్టెక్కింది అందుకేనని కొందరి ఊహ. ఊహ సంగతి ఎలా ఉన్నా, తేడా మాత్రం కళ్లెదుటే ఉంది. చెప్పకపోతే ఎంతమంది పట్టుకుంటారు?

కొరింథ్ నాణెం ఇంతకంటే గట్టి పరీక్ష. బొమ్మ రెక్కల గుర్రం పెగాసస్, బొరుసు శిరస్త్రాణం పెట్టుకున్న అథీనా. బరువు 8.6 గ్రాములు. కొరింథ్ నుంచి వెళ్లి స్థిరపడిన వాళ్ల ఊళ్లు లూకస్, అంబ్రాకియా, అనక్టోరియన్ కూడా ఇదే గుర్రాన్ని, ఇదే దేవతను, ఇదే బరువులో కొట్టాయి. పది నాణేలు ఒక పళ్లెంలో పోస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. గుర్రం పొట్ట కింద చూడాలి. అక్కడ ఒక్క అక్షరం ఉంటుంది. అక్షరం మారితే ఊరు మారినట్టే. కొరింథ్‌ది కొప్పా అనే అక్షరం. మామూలు రాతలోంచి అది ఎప్పుడో పోయినా, గుర్రం కింద మాత్రం పోలేదు.

ఇక సిరక్యూస్. సిసిలీ దీవి తూర్పుతీరాన ఉన్న ఈ గ్రీకు నగరం క్రీ.పూ. 400 ప్రాంతంలో పది ద్రాక్మాల నాణేలు కొట్టించింది. బరువు సుమారు 43 గ్రాములు. గ్రీకు వెండిలో వీటికంటే అందమైనవి లేవన్నది నా తీర్పు, చాలామంది తీర్పు కూడా. ఒకవైపు నాలుగు గుర్రాల రథం, కాళ్లన్నీ గాల్లో ఉన్నట్టు. రథం తోలేవాడి పైన రెక్కల విజయదేవత కిరీటంతో ఎగిరి వస్తుంటుంది. కింద ఇరుకు చోటులో డాలు, కవచం, కాలి తొడుగులు, గెలిచినవాడి బహుమతులు. రెండోవైపు ఒక స్త్రీ తల, చుట్టూ డాల్ఫిన్లు. ఆమె అరెథూసా. సముద్రం ఒడ్డునే ఉన్నా ఉప్పదనం లేని ఊటకు దేవత. సిరక్యూస్‌లోని ఒర్టీజియా దీవిలో ఆ ఊటను ఇప్పటికీ చూపిస్తారు. తలచుట్టూ డాల్ఫిన్లంటే చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో మంచినీళ్లు. ఊరి భూగోళం ఒక ముఖం చుట్టూ సరిపోయింది.

ఆమె జుట్టును కట్టిన పట్టీ మీద భూతద్దం పెట్టండి. రెండు బుల్లి అక్షరాలు. మెడ కింది డాల్ఫిన్ ఒంటి మీద చూడండి, పేరు పూర్తిగా ఉంది: కిమోన్. అచ్చు చెక్కినవాడి సంతకం! రాజు బొమ్మ లేదు, దేవతదీ ఊరిదీ తప్ప ఇంకొకరి పేరుకు చోటు లేని ఆ బిళ్లలో పనివాడు తన పేరును ఇసుకరేణువంత అక్షరాల్లో పెట్టుకున్నాడు. యువైనెటోస్ అనే మరో చెక్కుడు పనివాడు కూడా సంతకం చేశాడు. అచ్చులో ఇవన్నీ కుడిఎడమలు తిప్పి, అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. ఎత్తుగా కనిపించాల్సినదాన్ని లోతుగా తవ్వాలి. పేరు పెట్టుకునే హక్కు వాళ్లు చేతిపనితో సంపాదించుకున్నారు.

కిమోన్ ఇంకో సాహసం చేశాడు. అరెథూసా ముఖాన్ని పక్కకి కాక మనకు ఎదురుగా తిప్పాడు. చూడ్డానికి అద్భుతం. గ్రీసులో లారిస్సా, ఆసియా మైనర్‌లో టార్సస్ ఆ ముఖాన్ని అనుకరించాయి. డబ్బుగా వాడితే మాత్రం ఒక చిక్కు. ఎదురు ముఖంలో అన్నిటికన్నా ఎత్తైనది ముక్కు, చేతులు మారేకొద్దీ ముందు అరిగేది అదే. అరిగిన ముక్కు కనిపిస్తే ఆ నాణెం ఎంతో తిరిగిందని అర్థం.

చూడకపోతే ఒక మొక్క రూపమే మనకు దక్కేది కాదంటే నమ్ముతారా? ఇప్పటి లిబియా తీరంలోని కైరీన్ నగరం తన వెండి మీద సిల్ఫియం అనే మొక్కను వేసింది. గాడులు పడ్డ లావుపాటి కాండం, జంటలుగా ఆకులు, చివర గుండ్రటి పూగుత్తి. దాని పాలను వంటకూ మందుకూ వాడేవారు. కైరీన్ సంపదలో పెద్ద భాగం దానిమీదే. క్రీ.శ. 1వ శతాబ్దానికి అది కనుమరుగైంది. తమ కాలంలో ఒక్క కాడ దొరికితే దాన్ని నీరో చక్రవర్తికి పంపారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ లోటును రోమన్లు తూర్పు నుంచి వచ్చే ఇంగువతో తీర్చుకున్నారు, మన పోపుల డబ్బాలోని ఇంగువతోనే. ఆ మొక్క ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యాల్లో ముఖ్యమైనవి ఈ నాణేలే.

తెలుగువాళ్ల చరిత్రకు దగ్గరగా కూడా ఇలాంటి వెండి ఉంది. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు ఒక్కచోటే దొరికాయి. అవి క్షహరాట రాజు నహపానుడివి. మన దేశంలో పాలించిన ఇండో-గ్రీకు రాజుల నాణేల పద్ధతిలో కొట్టినవి. రాజు తల చుట్టూ గ్రీకు అక్షరాలు ఉంటాయి. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి అతణ్ని ఓడించాక ఆ నాణేలను కరిగించలేదు, వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. పదమూడు వేలలో తొమ్మిది వేలకు పైగా అలాంటివే. జాగ్రత్తగా చూస్తే శాతవాహనుల కొండ గుర్తు కింద నహపానుడి ముక్కో, తెగిన గ్రీకు అక్షరమో తొంగిచూస్తుంది. పైనున్నది ఏమిటి, కింద మిగిలినది ఏమిటి అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ఇక మీరు చెయ్యాల్సిన పని. రోజుకు ఒకే నాణెం తీసుకోండి, ఇరవై ఫొటోలు తిప్పొద్దు. మొదటి పది నిమిషాలు వివరం చదవొద్దు. చదివిన మరుక్షణం కన్ను పని మానేసి, రాసినదాన్ని ఒప్పుకోవడం మొదలుపెడుతుంది. కాగితం మీద బొమ్మ గీయండి, బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు. ఆలివ్ రెమ్మకు ఎన్ని ఆకులో గీయబోయినప్పుడే తెలుస్తుంది మీరు లెక్కపెట్టలేదని. గీస్తూ అడగండి: ఇక్కడ అన్నింటికన్నా చిన్నది ఏది? తెగిపోయింది ఏది? అరిగింది ఎక్కడ? పొసగనట్టు ఉన్నది ఏది? ఆ తరువాతే వివరం చదవండి. మర్నాడు అదే నాణేన్ని మళ్లీ చూడండి. రెండో రోజు తప్పకుండా కొత్తది ఒకటి కనిపిస్తుంది. ఎప్పుడైనా నిజంగా పాత నాణెం చేతికొస్తే మాత్రం చింతపండుతోనో విబూదితోనో తోమకండి. మీరు చూడాల్సిన గీతలే ముందు పోతాయి.

ఈ నాలుగు ప్రశ్నలూ నాణేల దగ్గరే ఆగవు. స్థలం దస్తావేజు మీద సంతకం పెట్టేముందు సర్వే నంబరు, నాలుగు హద్దులు, కొట్టివేతలు చూడండి. మందుల స్ట్రిప్ మీద కత్తిరించిన చోట పోయిన గడువు తేదీ గురించి అడగండి. ఊళ్లో నాన్న "బాగానే ఉన్నాన్రా" అని వీడియో కాల్‌లో అంటున్నప్పుడు గొంతు ఒకలా, ముఖం ఇంకోలా ఉందేమో గమనించండి. అక్కడ పొసగనిది కనిపిస్తే పండక్కి ఆగకుండా బయల్దేరండి.

తరువాతి అధ్యాయం తెరిచేముందు చిల్లరలోంచి ఒక రూపాయి బిళ్ల తీయండి. సంవత్సరం అంకె కింద చూడండి. చుక్క ఉంటే నోయిడా టంకశాల, డైమండ్ గుర్తు ఉంటే ముంబై, ఏదీ లేకపోతే కోల్‌కతా. చిన్న నక్షత్రం ఉందంటే ఆ బిళ్ల మన హైదరాబాద్ మింట్‌లో తయారైనది.